మా ఆయన మీద తీసిన సినిమా

మా ఆయన మీద సినిమా తీశారు. ఆడలేదు. ఏలూరులో వారం తిరక్కుండానే ఎత్తేసి ఏదో డబ్బింగ్ బొమ్మ వేసుకున్నారు. అందుకు నాకేమీ బాధ లేదు. ఆ సినిమా చూశాక, దాన్ని ఎవరు ఎత్తేసినా పుణ్యం చేసుకున్నట్టే అనుకున్నాను. నా బాధంతా మణెమ్మ గురించే.

మాది గుండుగొలను దాటి కొల్లేటి వైపు దిగితే వచ్చే ఊరు. ముప్పై ఏళ్ళ కిందట, నేనింకా ఈ ఊరికి కోడలిగా రాకముందు, ఊళ్ళో రైతుల పిల్లలూ దళితపేట పిల్లలూ కలిసి ఒకే వాలీబాల్ జట్టుగా ఏలూరు వెళ్ళి జిల్లా కప్పు గెలుచుకొచ్చారు. అంతకుముందు ఊరి జట్టు వేరు, పేట జట్టు వేరు. ఒకరి బంతి ఇంకొకరు ముట్టుకునేవారు కాదు. కలిసిన జట్టుకి కెప్టెన్ మా ఆయన మల్లికార్జునరావు. నెట్టు దగ్గర బంతి లేపి ఇచ్చేవాడు మణెమ్మ కొడుకు జీవన్. ఆ జీవన్ తర్వాత డ్రైవరయ్యాడు. ఆకివీడు నుంచి కలకత్తాకి చేపల లోడు తోలుతూ, ఒరిస్సాలో లారీ బోల్తాపడి పోయాడు. అప్పటికింకా పెళ్ళి కూడా కాలేదు.

ఈ కథ ఎక్కడో విని అభిషేక్ అనే కుర్ర డైరెక్టరు మా ఇంటికి వచ్చాడు. కొన్నాళ్ళు ఇక్కడే ఉండి, నా చేతి కొరమేను పులుసు తింటూ మా ఆయన చెప్పిందల్లా ఫోనులో రికార్డు చేసుకున్నాడు. వినేవాడు దొరికితే మా ఆయనకి ఒళ్ళు తెలియదు. కాఫీలు అందిస్తూ నేనూ వింటూనే ఉన్నాను. మొదట్లో ‘మేమంతా అనుకున్నాం’ అన్నది వెళ్ళేనాటికి ‘నేను అనుకున్నాను’ అయి కూర్చుంది. నవ్వుకున్నాను గానీ అడ్డు చెప్పలేదు. ఇంటాయన ముచ్చట కదా అని వదిలేశాను.

సినిమాలో హీరో మోతుబరి కొడుకు. మడత నలగని తెల్ల చొక్కా. పేట కుర్రాళ్ళని చెయ్యి పట్టుకుని ఊరి గ్రౌండుకి తీసుకొస్తాడు. పెద్దలందరినీ ఎదిరిస్తాడు. పేటలోంచి వచ్చినవాడికి జీవా అని పేరు. వాడికి తల ఎత్తడమే రాదు. చివర్లో వరద వస్తుంది. కొట్టుకుపోతున్న హీరోని ఒడ్డుకి నెట్టి, వాడు హీరో ఒళ్ళో పడి, ‘అన్నా, నీ చేత్తో కాసిని నీళ్ళు పొయ్యవా’ అని అడుగుతాడు. హీరో తన గ్లాసుతో పోస్తాడు. వాడు తాగి, దండం పెట్టి చచ్చిపోతాడు. ఊరూ పేటా కౌగిలించుకుని ఏడుస్తాయి. పైన పాట. ఏలూరులో మొదటిరోజు చూసినప్పుడు మా ఆయన జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. జీవన్ మీ ఒళ్ళో ఎప్పుడు పోయాడండీ అని అడిగితే, సినిమా అన్నాక కాస్త కల్పన ఉంటుందిలే అని దాటేశారు.

ఆ మర్నాడే మణెమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. కొడుకు పోయాక ఒంటరిగానే ఉంటోంది. సినిమాలో జీవన్ ఉన్నాడని పేటలో ఎవరో చెప్పారట.

“ఫొటోలో అయితే కదలడు కదండి అమ్మగారూ. సినిమాలో కదులుతాడంట. ఒక్కసారి చూపించండి,” అంది.

ఎండలు తగ్గనీ అన్నాను, కారు రిపేరు అన్నాను. అలా నాలుగుసార్లు తప్పించేసరికి ఏలూరులో బొమ్మే లేకుండా పోయింది. హమ్మయ్య అనుకున్నాను. కానీ తాడేపల్లిగూడెంలో ఇంకా ఆడుతోందని మా ఆయనే కనుక్కుని, మణెమ్మని ఎక్కించుకుని వెళ్దాం పద అన్నారు. ఆవిడ చూసి మురిసిపోతుందని నిజంగానే నమ్మారు. అదీ ఆయన అమాయకత్వం.

హాల్లో పట్టుమని పాతికమంది లేరు. మణెమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, ముందుకి వంగి, రెప్ప వేయకుండా చూసింది. ఇంటర్వెల్లో లైట్లు వేశాక నావైపు తిరిగింది.

“మావాడు ఇంకా రాలేదేంటండి?”

ఆ నీలం చొక్కా అబ్బాయే జీవన్ అని చెప్పడానికి నా ప్రాణం చచ్చిపోయింది. ఆమె కాసేపు ఖాళీ తెరకేసి చూసింది. ఎప్పుడూ అలా తలొంచుకుని ఉంటాడేంటని మాత్రం అడిగింది. తెర మీద ఆ కుర్రాడు చచ్చిపోతుంటే మా ఆయన ఓరకంట ఆవిడ కళ్ళకేసి చూశారు. ఆ కళ్ళు పొడిగానే ఉన్నాయి.

తిరుగుదారిలో గుండుగొలను దగ్గర హైవే దిగుతుంటే వెనక సీట్లోంచి అడిగింది.

“బాబుగారండీ, మావాడు మిమ్మల్ని నీళ్ళడిగాడా అండి?”

“సినిమా కోసం అలా మార్చారు మణెమ్మా. నువ్వు అవన్నీ పట్టించుకోకు.”

“మారిస్తే మార్చారండి. నీళ్ళు తాగింది మీరు కదండి, మాయింట్లో.”

అంతే. పేట మొదట్లో దిగి వెళ్ళిపోయింది.

అన్నాల దగ్గర నేను వదల్లేదు. అసలేం జరిగిందో చెప్పమన్నాను. ముద్ద కలుపుతూ, నావైపు చూడకుండా చెప్పారు. ఆ ఏడు కొల్లేరు పొంగి ఊరి గ్రౌండు మోకాలి లోతున మునిగింది. పోటీలు దగ్గర పడ్డాయి. ఆరిన నేలంటూ ఉన్నది పేటలో చర్చి ముందున్న మెరక ఒక్కటే. ఊరి కుర్రాళ్ళే అక్కడికి వెళ్ళి, ఆడుకోనిమ్మని జీవన్ని అడిగారు. ఆడితే అందరం కలిసే ఆడదాం, లేదంటే లేదన్నాడు జీవన్. అలా కలిసిందట ఆ జట్టు.

అంటే రానిచ్చింది వాళ్ళు. మా ఆయన రానిచ్చారని సినిమా తీయించారు. ఆదివారం మన స్కూలు గ్రౌండులో మీకు సన్మానం పెట్టారు కదా, మైకు అందుకుని ఇదంతా చెప్పండి, చెప్పకపోతే ఆ శాలువాతో ఇంటికి రావద్దని చెప్పేశాను. పోయినవాణ్ణి ఒకసారి లారీ పొట్టనబెట్టుకుంటే రెండోసారి మీరు చంపించారు అని కూడా అన్నాను. ఆ మాట ఎక్కువే. కానీ వెనక్కి తీసుకోలేదు.

ఆదివారం జనం బాగానే వచ్చారు. సినిమాని ఎలాగైనా లేపాలని అభిషేక్ ఒక యూట్యూబ్ చానల్ వాళ్ళని వెంటబెట్టుకొచ్చాడు. మణెమ్మని తీసుకొచ్చి ముందు వరసలో నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. మా ఆయనకి శాలువా కప్పారు, దండ వేశారు, మానవతామూర్తి అన్నారు. అప్పుడాయన మైకు అందుకున్నారు.

చెప్పారు. గ్రౌండు మునగడం, మెరక కోసం పేటకి వెళ్ళి అడగడం, జీవన్ పెట్టిన షరతు. అక్కడితో ఆపేస్తారనుకున్నాను. కాసేపు దండలోని పూలు సవరించుకుని, నాకు కూడా చెప్పని ముక్క బయటపెట్టారు.

“ఆడటానికైతే వెళ్ళాం గానీండి, పేటలో నీళ్ళు తాగకూడదని మా ప్లాస్టిక్ డబ్బా మేం సైకిలు మీద తీసుకెళ్ళేవాళ్ళం. అందరూ చూస్తుండగా మా నీళ్ళు మేమే తాగేవాళ్ళం. ఒకరోజు చూస్తే డబ్బా కారిపోయి చుక్క లేదు. అప్పుడు మణెమ్మ ఇంటికెళ్ళి గ్లాసు అందుకున్నాను. ముందు తాగింది మాత్రం నేనే. నా బతుకులో ధైర్యం చేసింది ఏదైనా ఉంటే అదొక్కటేనండి.”

చప్పట్లు కొట్టారు. అభిషేక్ అందరికంటే గట్టిగా కొట్టాడు. నాకూ గుండె నిండింది. సిగ్గుపడాల్సింది కూడా చెప్పాడు కదా మనిషి అనుకున్నాను. ఇంతలో పక్కన మణెమ్మ లేచింది. మైకు ఇవ్వబోతే వద్దంది. గొంతు పెద్దదే ఆవిడది, చర్చిలో పాటలు పాడిన గొంతు.

“ఆ డబ్బాకి కన్నం పెట్టింది మావాడేనండి.”

అందరూ ఆవిడకేసి చూశారు.

“గేలం ముల్లు పొయ్యిలో ఎర్రగా కాల్చి, మీరు నెట్టు కడుతుండగా అడుగున పొడిచేశాడండి. ఆరోజు పొద్దున్నే నాతో చెప్పాడు. అమ్మా, ఈవేళ మనింటికి చుట్టాలొస్తారు, గ్లాసులు తోమి బిందె నింపి పెట్టు అన్నాడు. ఎవర్రా చుట్టాలంటే, దాహం వేసినోళ్ళు అన్నాడు.”

“తర్వాత కొత్త డబ్బా కొన్నాం కదా,” అన్నారు మా ఆయన మెల్లగా. ఆ మాట మైకులో ఊరంతటికీ వినిపించింది.

“దానికీ పెట్టాడండి.”

ముందు పేట వైపు ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత ఆనాటి ఆటగాళ్ళు, ఇప్పుడు బట్టతలలూ పొట్టలూ వచ్చినవాళ్ళు, డబ్బాలమ్మిన కొట్టువాణ్ణి అనవసరంగా తిట్టిపోశాం కదరా అని ఒకళ్ళనొకళ్ళు చరుచుకుంటూ నవ్వారు. మణెమ్మ కూడా నవ్వింది. హాల్లో రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి ఆమెకి.

“సినిమాలో ఆ బాబెవరో, దండాలు పెడతా చచ్చిపోయాడండి. మావాడు అలాంటోడు కాడు. ఉన్నన్నాళ్ళూ మమ్మల్ని నవ్వించి చంపేవాడు,” అంది.

మా ఆయన ధైర్యం కూడా జీవన్ పెట్టిన భిక్షేనన్నమాట. ముప్పై ఏళ్ళు గుండెల్లో దాచుకున్న ఒకే ఒక్క గొప్పతనం పదిమందిలో కారిపోతే మనిషి ఏమైపోతాడోనని నాకు భయం వేసింది. ఆయన వేదిక దిగి మా దగ్గరికి వచ్చారు. మొహం ఎర్రబడి ఉంది. చెయ్యి భుజం మీది శాలువా మీదికి వెళ్ళింది. తీసి ఆవిడకి కప్పబోతున్నారని తెలిసిపోయింది. చానల్ వాళ్ళ కెమెరా కూడా అప్పటికే ఇటు తిరిగింది. అభిషేక్ ఊపిరి బిగబట్టాడు. మళ్ళీ అదే సినిమా అవుతుంది, వద్దండీ అన్నట్టు కళ్ళతో వారించాను. ఆయనకి అర్థమైంది. చెయ్యి దించేశారు.

నన్ను కాస్త జరగమని, మణెమ్మ పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

“ఇంకేం చేసేవాడండీ జీవన్? మీరు చెప్పండి,” అన్నారు.

మణెమ్మ చీరచెంగుతో కళ్ళు తుడుచుకుని, కాళ్ళు బారచాపుకుని మొదలుపెట్టింది. మా ఆయన ఒక్కసారి కూడా మధ్యలో నోరెత్తలేదు.