ఆఖరి సీసా మిరిన్

డిసెంబరు ఇరవై అయిదు ఉదయం ఆరున్నరకు, జపాన్‌లోని మత్సుమొతోలో తన సోబా నూడుల్స్ హోటల్లో ఇసావో మిరిన్ సీసా మూత తీసి, వాసన చూసి, మళ్లీ పెట్టాడు. కాసేపటికి మళ్లీ తీశాడు.

సంవత్సరం ఆఖరి రాత్రి ఊరంతా సోబా తింటుంది. దానిలోకి సోయా పులుసు ఈ రోజే కాచి ఊరబెట్టాలి. అందులో ముందుగా పడేది మిరిన్, వంటకు వాడే బియ్యపు తీపి సారా. ఇసావోకు అది పంపే తయారీదారు శరత్కాలంలో దుకాణం మూసేశాడు. మిగిలింది ఈ సీసా ఒక్కటే. మూత ఎన్నాళ్లుగా వదులుగా ఉందో తెలియదు. మిరిన్ చెడి ఉంటే కుండెడు పులుసూ పారబొయ్యాలి.

అడుగున తెల్లటి పలుకులున్నాయి. అవి చలికి పేరుకున్న చక్కెర. రంగు ముదిరింది, అది వయసు. ఈ రెండూ ఇసావోకు తెలుసు. తేల్చాల్సింది వాసన. నవంబరులో ఫ్లూ వచ్చి తగ్గినప్పటి నుంచి ఆయనకు ఏ వాసనా తెలియడం లేదు. భార్య సెత్సుకు చెప్పలేదు. చుక్క నాలుక మీద వేసుకున్నాడు. తీపి తగిలింది. తీపి వెనక ఇంకేముందో తెలియలేదు.

సెత్సు వచ్చి, పొయ్యి ఇంకా వెలిగించలేదేమని అడిగింది. సీసాను ఫ్రిజ్‌లో ఎందుకు పెట్టావని ఆయన విసుక్కున్నాడు. మిరిన్ చీకటి గూట్లో, పొయ్యికి దూరంగా ఉండాలని పెళ్లైన కొత్తలోనే చెప్పానన్నాడు. పెళ్లైన కొత్తలో చాలా చెప్పారని, మీకు ఇదొక్కటే గుర్తుందని ఆమె అంది.

ఇసావో గరిటెలు కడిగాడు. కడిగినవే మళ్లీ కడిగాడు.

సెత్సు మిరిన్ రంగులోనే ఏదో ఉన్న కప్పు అందించింది. "పోనీ, ఇది వాసన చూసి చెప్పండి."

"బాగానే ఉంది. చెడలేదు."

"అది నిన్నటి టీ అండీ."

ఇసావో కప్పు కింద పెట్టాడు. ఎన్నాళ్లనుంచని ఆమె అడిగింది. ఫ్లూ నుంచని చెప్పాడు.

"మిసో సూప్ మాడిన రోజే అనుకున్నా. ఘుమఘుమలాడుతోందన్నారు."

సెత్సు సీసా మూతి దగ్గర వాసన చూసింది. చెంచాడు వేడి చేసి మళ్లీ చూసింది. పులిసిన వాసన లేదు, బూజు వాసన లేదు, బాగుందని చెప్పింది.

ఇసావో మిరిన్‌ను కుండలో పోసి పొయ్యి వెలిగించాడు. సారా ఘాటు పోయాకే సోయా సాస్ పోయాలి. ఆవిరి లేచింది. ఆయన సెత్సును పక్కన నిలబడమన్నాడు.

"ఘాటు పోయిందా?"

"ఇంకా ఉంది."

ఇసావో మంట ఆర్పలేదు.