పక్కసీటు బ్రేకు

మా నాన్న కారుకు నత్తి పట్టుకుంది. యాక్సిలరేటర్ తొక్కితే తటపటాయించి, రెండుసార్లు దగ్గి, నడిరోడ్డు మీద ఆగిపోయేది. కాసేపాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు బయల్దేరేది. నాన్న పోయాక ఆయన గుర్తుగా నాకు మిగిలింది ఆ కారొక్కటే. స్టీరింగు మీద ఆయన చేతులు పడీ పడీ నునుపుదేలిన చోటే నేనూ చేతులు పెడతాను. మా ఆవిడకు ఇవేవీ పట్టవు. "ఇంకో వారం చూస్తా. అప్పటికీ బాగవకపోతే తుక్కుకే," అని తేల్చేసి, తుక్కు కొనేవాణ్ణి ఆదివారం రమ్మని కబురు కూడా పెట్టేసింది.

మా మెకానిక్కును అందరూ డాక్టరనే పిలుస్తారు. పొడవాటి స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజనుకు, రెండో కొస చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వింటాడు. ప్లగ్గులు మార్చాడు, పెట్రోలు ఫిల్టరు మార్చాడు. నేనొక్కణ్ణే నడిపితే కారు ఎక్కడా ఆగదు. ఆవిడ ఎక్కితే పది నిమిషాల్లో మొరాయిస్తుంది.

"ఆగినప్పుడల్లా మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో రాసుకు రండి సార్," అన్నాడు డాక్టరు.

రాశాను. మంగళవారం, లారీని దాటుతుండగా, మా బావమరిది గొప్పతనం గురించి: ఆగింది. బుధవారం, మలుపులో, నా గురక గురించి: ఆగింది. గురువారం, ఖాళీ రోడ్డు మీద, మళ్లీ బావమరిది: ఆగలేదు. డాక్టరు కాగితాన్ని వెలుతురుకెత్తి చూసి, "బావమరిదిగారి తప్పేం లేదు," అని తేల్చాడు. నాకు కాస్త నిరాశే కలిగింది.

శనివారం టార్చిలైటు పట్టుకుని వెనకసీట్లో ఎక్కాడు. "నేను లేననుకుని ఎప్పట్లాగే పోట్లాడుకోండి," అన్నాడు.

పోట్లాడమంటే నోరు పెగలదు కదా. "మీరు బాగానే నడుపుతున్నారండీ," అంది మా ఆవిడ. "నువ్వు పక్కనుంటే ధైర్యం," అన్నాను నేను. కారు హాయిగా సాగిపోతోంది. తెల్లారితే తుక్కువాడొస్తాడు, జబ్బు బయటపడదే!

అంతలో సందులోంచి బస్సొకటి దూసుకొచ్చింది.

"బస్సు! బస్సండీ!" అని ఆవిడ కేక పెట్టింది. కారు దగ్గి ఆగిపోయింది.

"మేడమ్, కాలు తీయకండి!" అని అరిచాడు డాక్టరు.

ఆవిడ కుడికాలు అక్కడ లేని బ్రేకును గట్టిగా నొక్కి పట్టుకుని ఉంది. డాక్టరు దిగి, ముందు తలుపు తీసి, ఆ కాలి పక్కనుంచి మ్యాట్ ఎత్తి లైటు వేశాడు. పెట్రోలు పంపుకు కరెంటు వెళ్లే తీగ మడమ దెబ్బలకు నలిగి, తొక్కినప్పుడల్లా విడిపోతోంది.

"సార్, మూణ్ణెల్లుగా బ్రేకు వేస్తున్నది మేడమ్‌గారే."

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "చూశావా, అంతా నీ కాలి మహిమే!" అన్నాను.

ఆవిడ తన కాలి వంక చూసుకుంది, తర్వాత నా వంక చూసింది. "ఇరవై ఏళ్లుగా మెల్లగా పొమ్మని మొత్తుకుంటున్నాను. మీరు ఒక్కనాడు విన్నారా? ఇది వింది." ఫోను తీసి తుక్కువాడికి చెప్పింది: "రాకు బాబూ. నా మాట వినే బండిని అమ్ముకోను."

"మరి తీగ మార్చమంటారా?" అని డాక్టరు ఆవిడనే అడిగాడు.

ఆవిడ ఆ తీగ వంక చూసింది. "మార్చేయండి. నడిరోడ్డు మీద ఆగితే ప్రమాదం," అంది. గొంతు నీరసంగా ఉంది.

కొత్త తీగ వేయించుకుని తిరిగి వస్తుంటే మలుపు దగ్గర అలవాటుగా ఆవిడ కాలు ధన్‌మని నేలను తాకింది. కారు ఆగలేదు. ఆవిడ ముఖం చిన్నబోయింది. అది చూసి నా మనసు చివుక్కుమంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను.

"ఏమిటండీ, మళ్లీ మొదలైందా?" అంది కంగారుగా.

"లేదు. విన్నాను," అన్నాను.