గీత చెదరని గ్రౌండు

మడమ దిగలేదు. రాజమల్లు ఇంకో అడుగు పక్కకు జరిగి, బరువంతా కుడికాలి మీద వేసి నొక్కి చూశాడు. అక్కడా దిగలేదు. నిన్న సాయంత్రం తడిపిన ఎర్రమొరం తెల్లవారేసరికి బాగా బిగుసుకుంది. హాకీ గ్రౌండు ఇలాగే ఉండాలి. నీళ్ళు ఎక్కువైతే మడమ దిగుతుంది, తక్కువైతే బంతి కప్పలా గంతులేస్తుంది. ఈ రెండింటికీ మధ్య ఎక్కడ ఆగాలో తెలుసుకోవడానికి అతనికి సగం జీవితం పట్టింది. మిగతా సగం ఆ గ్రౌండును అలా నిలబెట్టడానికే పోయింది.

తువ్వాలను భుజానికి మడతపెట్టుకుని రాతిరోలర్ పిడి పట్టుకుని లాగాడు. ఏళ్ళ తరబడి లాగి లాగి అతని కుడిభుజం ఎడమదానికన్నా కిందికి వాలింది. చొక్కా ఏది తొడిగినా ఒకపక్కకు జారుతుంది. అరికాళ్ళ పగుళ్ళలో చేరిన మొరం సబ్బుకు పోదు, సున్నిపిండికి పోదు. "పెండ్లికొడుకు పారాణి ఇంకా ఆరలే" అని భార్య యాదవ్వ ఎగతాళి చేస్తుంది.

సుబేదారికి పోయే రోడ్డు వెనక, ఎప్పుడో మూతపడ్డ జిన్నింగు మిల్లు తాలూకు గ్రౌండు అది. ఒకవైపు నల్లరాతి గ్యాలరీ, మిగతా మూడు వైపులా పెచ్చులూడిన గోడ. మిల్లు మూసిన రోజే రాజమల్లు జీతమూ ఆగింది. పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. గేటు పక్కన బయట ఉన్న ఒంటిగదిలో అలాగే ఉండిపోయాడు. సీజన్లో మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడు, యాదవ్వ బీడీలు చుట్టేది. పొట్ట నింపింది ఆ రెండే. గ్రౌండు వాళ్ళకు ఏమీ పెట్టలేదు, తిన్నది మాత్రం చాలా తిన్నది.

ఇప్పుడు మిల్లు యజమాని మనవలు ఆ జాగాలో షాపింగ్ కాంప్లెక్సు కట్టిస్తామంటున్నారు. ఇక్కడ ఎవరూ ఆడటం లేదని, గ్రౌండు పాడుపడి ఉందని వాళ్ళ మాట. రోజూ ఆట జరుగుతోందని పాత ఆటగాళ్ళ సంఘం కోర్టుకు పోయింది. ఎవరి మాట నిజమో చూసి రాయమని కోర్టు ఒక వకీలును కమిషనర్‌గా వేసింది. ఆయన వచ్చేది ఈ రోజే, ఆదివారం సాయంత్రం నాలుగింటికి. ఆయన ఆట చూస్తే గ్రౌండు మిగులుతుంది, చూడకపోతే పోతుంది.

"గ్రౌండు అద్దం లెక్క ఉండాలె రాజమల్లూ" అని మొన్ననే చెప్పి వెళ్ళాడు సంఘం కార్యదర్శి రమాకాంత్. ఒకప్పుడు మిల్లు టీము సెంటర్ ఫార్వర్డ్, ఇప్పుడు బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. "రెండు టీములు దింపుత. పాతోళ్ళందరు వస్తాన్రు. నువ్వు ఫికర్ చెయ్యకు."

రాజమల్లు ఫికరు చేయలేదు. అద్దం చేశాడు. గోలు ముందు పెనాల్టీ కార్నర్లకు తవ్వుకుపోయిన గుంతలన్నీ పూడ్చి దిమ్మిస కొట్టాడు. గోలు వెనక చెక్కల మీద బంతి తగిలి పడ్డ నల్లటి మచ్చలకు రంగు వేశాడు. గోలుస్తంభానికి పురికొస కట్టి, రెండో కొసన మేకు పట్టుకుని తిరుగుతూ గోలు ముందు అర్ధచంద్రంలా డీ గీశాడు. ఆ గీత మీద సున్నపునీళ్ళు పోసుకుంటూ వెనక్కి వెనక్కి నడిచాడు.

సూర్యుడు గోడ ఎక్కే వేళకు గేటు దడదడలాడింది. హాస్టల్ ఆడపిల్లలు. రోజూ పొద్దున వచ్చేది వీళ్ళే. భుజాలకు స్టిక్కులు, కాళ్ళకు రంగు వెలిసిన బూట్లు. ముందు నిలబడ్డది తేజస్విని, డిగ్రీ చదివే పిల్ల, వాళ్ళ కెప్టెన్.

"తాతా, గేటు తియ్యి."

"ఇయ్యాల ఆట లేదు బిడ్డా. పోండ్రి."

"ఎందుకు లేదు? రేపు మాకు పరకాలల మ్యాచ్ ఉన్నది."

"కోర్టుసారు వస్తాండు. సున్నం మీద ఎవ్వల కాలు పడొద్దు. పెద్దోళ్ళు ఆడుతరు, ఆయన చూస్తడు."

"మేం గూడ ఆడుతం గద ఆయన ముందల!"

"మీరు దినాం ఆడుతనే ఉంటిరి. పెద్దోళ్ళు ఆడితే దాని వజనే వేరు."

తేజస్విని గేటు చువ్వల్లోంచి గ్రౌండు వంక చూసింది. తెల్లటి గీతలు, ఎర్రటి మొరం, మధ్యలో ఎక్కడా చిన్న గీర కూడా లేదు. ఆ పిల్ల మొహంలో ముచ్చటా కోపమూ రెండూ కనిపించాయి.

"అట్లనే అద్దాల పెట్టెల పెట్టి తాళమేస్కో తాతా. ఆడుడెందుకు!"

వాళ్ళు వెళ్ళిపోయారు. రాజమల్లు నవ్వుకున్నాడు. పిల్లలు, వాళ్ళకేం తెలుసు అనుకున్నాడు. తెలియనిది ఎవరికో సాయంత్రానికి గానీ బయటపడలేదు.

మధ్యాహ్నం యాదవ్వ అన్నం, పచ్చిపులుసు తెచ్చి గ్యాలరీ నీడలో పెట్టింది. గ్రౌండు వంక చూడనైనా చూడలేదు.

"వస్తరంటవా నీ ఆటగాండ్లు?"

"రాకేం? వాట్సప్ల పొద్దుగూకులు గీ గ్రౌండు ముచ్చటేనట. రమాకాంత్ సారు సదివి వినిపించిండు. ఒకాయన గీ మట్టి వాసన మతికొస్తె ఏడుపస్తదని రాసిండు."

"మాటలు కోటలు దాటుతయి, కాలు గడప దాటది. తిను ముందుగాల."

అతను తింటూ అవతలి గోలు వైపు చూశాడు. యాదవ్వ నోరు మంచిది కాదు గానీ ఆమె ఆ రోజులు చూడలేదు. ఆదివారం షిఫ్టు దిగిన కూలీలు తలల్లో దూది నూగుతోనే గ్యాలరీకి పరుగెత్తుకొచ్చేవారు. చోటు దొరకనివాళ్ళు గోడెక్కేవారు, గోడ మీద దొరకనివాళ్ళు ఇంకొకరి భుజాలెక్కేవారు. మిర్చిబజ్జీల నూనెవాసన, మొరం వాసన కలిసి ఒకే వాసనయ్యేది. రైల్వే టీముతో ఆట అంటే ఊరంతా ఇక్కడే. గోల్‌కీపర్ ఖాదర్ భాయ్ ప్రతి ఆటకూ ముందు వంగి గోలు ముందరి మొరాన్ని వేళ్ళతో ముట్టి కళ్ళకద్దుకునేవాడు. "నీ చెయ్యి చల్లగుండ రాజమల్లూ" అని కేకేసేవాడు. అంతమంది జనంలో తన పేరు వినబడేది. వానపడ్డ ఒక ఫైనల్లో రమాకాంత్ నలుగుర్ని తప్పించి కొట్టిన గోలు రాజమల్లు కళ్ళలో ఇంకా అలాగే ఉంది. ఆ రోజు జనం రమాకాంత్‌ను భుజాలకెత్తుకుని తిప్పారు. రాజమల్లు మాత్రం జనం తొక్కిన డీ దగ్గర కూర్చుని, రేపటికి ఎంత మొరం పట్టాలా అని చూసుకున్నాడు. అయినా అంత సుఖం అతనికి పెళ్ళిలో కూడా కలగలేదు. స్టిక్కు మాత్రం ఒక్కసారైనా పట్టలేదు. ఎవరూ పట్టమనలేదు, అతనికీ తోచలేదు.

మూడు దాటాక కార్లొచ్చాయి. దిగినవాళ్ళు రెండు టీములు కాదు కదా, ఒకటికి కూడా సరిపోరు. అందరికీ కొత్త నీలం జెర్సీలు. వీపు మీద 'గ్రౌండే మా ప్రాణం' అని అచ్చు వేయించుకున్నారు. రానివాళ్ళలో సుదర్శన్‌కు బీపీ అట. ఒకాయన మనవడి బర్త్‌డేట. ఇంకొకాయన హైదరాబాదు నుంచి బయలుదేరి జనగామలో చుట్టాలింట్లో ఆగిపోయాడట. వచ్చినవాళ్ళు గ్యాలరీ రాళ్ళ మీద తువ్వాళ్ళు పరుచుకుని కూర్చున్నారు. నేను ఇక్కడినుంచి కొట్టిన, నువ్వు అక్కడ పడ్డవ్, అంటూ గలగలా మాట్లాడుకున్నారు. ఒకరి కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

రాజమల్లు కాసేపు చూసి దగ్గరికి వెళ్ళాడు.

"సారూ, ఆట?"

"మోకాలు ఆపరేషనైంది గద రాజమల్లూ. డాక్టర్ ఉరుకొద్దన్నడు" అన్నాడు రమాకాంత్. "అయినా ఇంత మంచి గ్రౌండు చూసినంక ఆటెందుకు? ఆయనకే సమజైతది. ఏం చేసినవ్ రా బై, అద్దమే!"

"హాస్టల్ పోరగాండ్లను పిలుసుకరానా?"

"ఇప్పుడా? టైమైంది. ఊకో."

కమిషనర్ చెప్పిన వేళకే వచ్చాడు. కళ్ళద్దాల సన్నటి మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. వెంట యజమానుల తరఫు వకీలు, నల్లకోటు చేతి మీద వేసుకుని. కమిషనర్ గ్రౌండు చుట్టూ తిరిగి ఫోన్లో ఫొటోలు తీసుకున్నాడు. నల్లకోటు వకీలు డీ గీత దగ్గర గొంతుక్కూర్చుని, వేలు ఆనించకుండా గీత వెంట చూపు పోనిచ్చాడు. తర్వాత రాజమల్లును పిలిచాడు.

"పెద్దాయనా, గ్రౌండు చూసుకునేది నువ్వేనా? మస్తుగ చేసినవ్. ఈ గీతలు ఎప్పుడు గీసినవ్?"

"పొద్దుగాల సార్."

"గీసినంక దీని మీద ఎవరన్న నడిచిన్రా?"

"లే సార్. నా పానం పోయినా దిగనియ్య."

ఆ మాట చెబుతుంటే అతని వాలిన భుజం కూడా నిటారైంది. వకీలు కమిషనర్ వంక చూసి చిన్నగా నవ్వాడు.

"దినాం ఆడితే గోలు ముందల గుంతలు పడాలె గద. ఒక్కటి గూడ లేదేంది?"

"ఉండె సార్. నేనే పూడ్సిన."

"ఆ చెక్కల మీద బంతి మచ్చలు?"

"రంగేసిన సార్."

రాజమల్లుకు అప్పుడు అర్థమైంది. కాళ్ళ కింది మొరం అంతా గుల్లబారినట్టనిపించింది. "పొద్దుగాల పోరగాండ్లు వస్తరు సార్, దినాం వస్తరు. ఇయ్యాల నేనే రానియ్యలే" అన్నాడు గబగబా.

"ఎందుకట్ల చేసినవ్ పెద్దాయనా?" కమిషనర్ అడిగాడు. వెటకారంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"మీరు వస్తాన్రని సార్."

కమిషనర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేను కండ్లతో చూసిందే రాయాలె. ఆట నాకు కనవడలే. మంచిగ సదునుచేసిన ఖాళీ జాగా కనవడ్డది" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. అదే రాజమల్లును ఎక్కువ కోసింది.

వాళ్ళ కారు సందు దాటకముందే రమాకాంత్ గ్యాలరీ మెట్లు దిగి వచ్చాడు. మోకాలు బాగానే దిగింది.

"నిన్నెవడు మాట్లాడమన్నడు? ఇన్నేండ్ల కష్టం నోటితోని చెడగొడితివి గదనే!"

ఇన్నేళ్ళ కష్టం ఎవరిదని రాజమల్లు అడగాలనుకున్నాడు. ఆయన్ని భుజాల మీద ఎత్తుకున్న జనంలో తానూ ఒకడైనట్టు, ఇప్పుడు ఆ బరువంతా ఒక్కసారి తన మెడ మీద పడ్డట్టు అనిపించింది. అంతలో ఎవరో ఫొటో అన్నారు. నీలం జెర్సీలన్నీ గ్రౌండు మధ్యకు వచ్చి సెంటర్ గీత తొక్కి నిలబడ్డాయి. పొద్దుటినుంచి ఆ గీత మీద పడ్డ మొదటి కాళ్ళు అవే. సమోసాలు తిన్నారు, కార్లెక్కారు.

యాదవ్వ గది గుమ్మంలో బీడీ ఆకు కత్తిరిస్తూ అంతా విన్నది. చెంబుతో నీళ్ళిచ్చింది. అతను తాగలేదు. చొక్కా సర్దుకుని, గేటు బార్లా తెరిచి, హాస్టల్ వైపు నడిచాడు.

తేజస్విని బయటికొచ్చి అతన్ని చూసి ముందు భయపడింది. "ఏమైంది తాతా?"

"రాండ్రి బిడ్డా. ఆడుకోండ్రి."

"ఇప్పుడా? సారు పోయిండా?"

"పోయిండు. పొద్దుగాల నేను గేటు తీస్తే అయిపోతుండె. బుద్ధి గడ్డి తిన్నది."

ఆ పిల్ల లోపలికి పరుగెత్తి అందర్నీ పిలుచుకొచ్చింది.

ఎండ తగ్గి, గోడ నీడ గ్రౌండు సగానికి పాకింది. పిల్లలు ముందు గీత తొక్కడానికి జంకారు. "తొక్కుండ్రి" అని గ్యాలరీలోంచి అరిచాడు. ఇక ఆగలేదు వాళ్ళు. ఒక పిల్ల బంతిని ఎత్తి కొట్టింది, ఇంకో పిల్ల జారిపడి మోకాలు చెక్కుకుని లేచింది. బూట్లు మొరాన్ని చీల్చాయి. డీ గీత ముందు ఒకచోట, తర్వాత మరోచోట చెదిరి, చివరికి ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియకుండా పోయింది. రంగేసిన చెక్కల మీద టప్పు టప్పుమని మచ్చలు పడ్డాయి. జీవితంలో మొదటిసారి అతను గ్రౌండు పాడవుతుంటే వద్దనకుండా చూశాడు. చూస్తూ చూస్తూ ఏడ్చాడు. ఈ గీరలే రెండు గంటల ముందు పడి ఉంటే చాలు. ఎవరి గోలూ అక్కర్లేదు, ఎవరి జెర్సీ అక్కర్లేదు, ఈ గీరలు చాలు.

మసకపడ్డాక ఎవరో కొట్టిన ఆఖరి దెబ్బకు బంతి అవతలి గోలు వైపు పోయి మళ్ళీ కనబడలేదు. పిల్లలు కాసేపు వెతికారు.

"పొద్దుగాల చూస్తం తీ తాతా" అంది తేజస్విని చెమట తుడుచుకుంటూ. "రోలర్ గుంజాల్నా? మేం పడుతం."

"వద్దు. గట్లనే ఉండనియ్యి. ఎవలన్న మల్లొచ్చి చూస్తే కనవడాలె."

మళ్ళీ ఎవరూ రారని అతనికి తెలుసు. ఆ పిల్లకూ తెలుసు. గేటుకు తాళం వేసి, చెవిని మొలతాడుకు కట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున పిల్లలు వచ్చేసరికి గేటు మూసే ఉంది. నిన్న తప్ప ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా లేదు. చువ్వలు కొట్టారు, పిలిచారు. చాలాసేపటికి గది తలుపు తీసుకుని యాదవ్వ బయటికొచ్చింది. జుట్టు విడిపోయి ఉంది. "నిద్రల్నే పోయిండు బిడ్డా" అని గుమ్మంలోనే కూలబడింది. పిల్లలు స్టిక్కులు గోడకు ఆనించి ఆమె చుట్టూ కూర్చున్నారు. ఆ రోజు పరకాల మ్యాచ్‌కు ఎవరూ పోలేదు.

వర్ధన్నపేట అవతల వాళ్ళ ఊళ్ళో దహనం చేశారు. మొలతాడుకున్న తాళంచెవి ఎవరికీ గుర్తుకు రాలేదు, అతనితోపాటే పోయింది. రమాకాంత్ గ్రూపులో 'మన గ్రౌండు ఆత్మ వెళ్ళిపోయింది' అని రాసి, ఆ ఆదివారం దిగిన ఫొటో పెట్టాడు. వరసగా దండాల బొమ్మలు పడ్డాయి. ఫొటోలో రాజమల్లు లేడు. కమిషనర్ చూసింది చూసినట్టే రాశాడు, కోర్టు రాసింది రాసినట్టే నమ్మింది. యజమానుల మనుషులు వచ్చి, పాత తాళం కోసే పని కూడా పెట్టుకోకుండా, దానిపక్కనే తమ తాళం ఇంకొకటి వేసి చుట్టూ రేకులు కొట్టారు. యాదవ్వ బీడీల చాట పట్టుకుని చెల్లెలింటికి వెళ్ళిపోయింది.

ఆషాఢం వానలు సున్నాన్నీ బూట్ల గీరలనూ కలిపి కడిగేశాయి. అవతలి గోలు వెనక, నేలకు జారిన నెట్ మడతలో, ఒకప్పుడు తెల్లగా ఉండి ఇప్పుడు మొరం రంగుకు తిరిగిన బంతి ఒకటి సగందాకా నీళ్ళలో మునిగి ఉంది.