తాతగారి పాటలో పొగబండి

వనజమ్మ సోమవారానికి బెంగళూరులో ఉండాలి. తెలుగు ఆనర్సు చివరి ఏడాది వ్యాసం ఆరోజు ఇవ్వకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. చింతామణిలో బస్సులకు కొదవలేదు. బస్సెక్కడానికి మామగారు చెన్నరాయప్ప ఒప్పుకోవాలి, అంతే.

ఆయనకు మండీలో వేరుశెనగల వ్యాపారం. కోడలి చదువును ఇన్నాళ్లు సహించడానికి కారణం, ఆమె వ్యాసం వాళ్లింటి పెళ్లిపాట మీద కావడం. ఆ పాట తన తాతగారు కట్టిందని ఆయన నమ్మకం. అది కాలేజీ కాగితం మీదికి ఎక్కాలని ఆయన కోరిక.

"మా తాత పేరు ముందర ఉండల్ల. వెనకాల యాడో వేస్తే నేను ఒప్పుకోను," అని ముందే చెప్పిపెట్టారు.

చిక్కు కాలేజీతో వచ్చింది. కిందటి టర్ములో తరగతంతా ఒకే గైడు చూసి రాసింది, గైడులోని తప్పుతో సహా. లెక్చరరు శ్రీరామయ్య ఆ కాగితాలన్నీ తిప్పి ఇచ్చేశారు. "ఒకరి దగ్గర విన్నది పదిమంది చెప్పినా సాక్షి ఒకడే. ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలుసు అన్నది లేకపోతే ఈసారి వ్యాసం ముట్టను," అన్నారు.

వనజమ్మ చిక్కబళ్లాపురం పెద్దత్తను అడిగింది, బాగేపల్లి చిన్నత్తను అడిగింది. పెళ్లిలో కలిసిన జంగమకోటె బంధువులనూ వదల్లేదు. పాట తాతదేనని అందరిదీ ఒకటే మాట. మీకెవరు చెప్పారంటే, అందరూ చెన్నరాయప్ప పేరే చెప్పారు.

పైగా ఆ పాటలో వదినా మరదళ్లు పొగబండి ఎక్కి సంతకు పోతారు. తాత పోయిన మరుసటి ఏడు పుట్టారు గనకనే మామగారికి తాత పేరు పెట్టారు. అది ఆ ఇంటి ఆనవాయితీ. ఊరికి మొదటి రైలు వచ్చినప్పుడు చూడ్డానికి పరిగెత్తి పంచె ఊడగొట్టుకున్న కథ కూడా మామగారిదే. రెండు మాటలూ ఆయనవే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవలసిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు.

శనివారం మధ్యాహ్నం రాగిముద్దలు వడ్డిస్తూ వనజమ్మ అడిగింది. భర్త ముద్దుకృష్ణ పులుసులో మునక్కాయ ముక్క వెతకడంలో మునిగిపోయాడు. తండ్రి ఎదుట అతనికెప్పుడూ అంత పని ఉంటుంది.

"మామా, మీరు పుట్టేసరికి తాతగారు లేరు గదా?"

"లేడు. అందుకే గదా నాకు ఆ పేరు."

"రైలు ఆ తర్వాతే గదా వచ్చింది?"

"నా కండ్లతో చూసినా. పంచె కథ మళ్లా చెప్పల్నా?"

"మరి పాటలో పొగబండి యట్లొచ్చె?"

చెన్నరాయప్ప చేతిలోని ముద్ద నోటిదాకా పోలేదు. కోడలి ప్రయాణం ఆగిపోయినట్టేననుకుని అత్తగారు సులోచనమ్మ తలుపు పక్కకు జరిగింది.

"చూసినావా సులోచనా," అన్నారాయన చివరికి. "రైలు వస్తాదని మా తాతకు ముందే తెలిసిండాది. మామూలు మనిషా ఆయన? అది రాయి వనజమ్మా. అది రాస్తేనే బస్సు."

వంటింట్లో సులోచనమ్మ గొంతు తగ్గించింది. "ఆడోళ్లు పాడతా పాడతా ఎవురో చేర్చింటారు. ఆ మాట రాయి."

"రాస్తే మామ పంపుతారా అత్తా?"

"పంపడు."

"మామ చెప్పినట్టు రాస్తే మేష్ట్రు తీసుకోడు."

"అయితే నాకు తోడుగా ఈడే ఉంటావు," అంది అత్తగారు. అది జాలో సంతోషమో తెలియలేదు.

ఆ సాయంత్రం వనజమ్మ రాసింది మామగారికి చదివి వినిపించింది: "ఈ పాట తమ తాతగారిదని చెన్నరాయప్పగారు చెప్పారు. బంధువులందరూ చెన్నరాయప్పగారి నోటనే విన్నారు. తాతగారు పోయాకే రైలు వచ్చిందన్నదీ చెన్నరాయప్పగారే. తాతగారు రైలును ముందే ఊహించారని చెన్నరాయప్పగారి అభిప్రాయం. వేరే సాక్ష్యం దొరకలేదు."

ఆయన ముఖం విప్పారింది. "అన్నిసార్లు నా పేరేనా? నేనూ వస్తా. ఆ మేష్ట్రు ముందర నేనే చదువుతా."

బస్సులో ఆయన వనజమ్మ వెనక సీటులో కూర్చుని కాగితం చదవడం అభ్యాసం చేశారు. కైవారం క్రాసు దాటాక చివరి వాక్యం దగ్గర ఆగారు.

"దొరకలేదంటే, నువ్వు సరిగా ఎతకలేదనే గదా?"

"అంతే మామా."

"పరీక్ష కానీ. ఆ తర్వాత నువ్వు యాడికీ పోనక్కర్లేదు. ఇంట్లోనే కూసోని, దొరికేదాకా ఎతుకు."

ఆయన మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు, ఈసారి కండక్టరుకు కూడా వినబడేలా. హొసకోటె చేరేసరికి ఆ పాట ఎవరిదో బస్సులో అందరికీ తెలిసిపోయింది.