ఐలమ్మ తానం

నెలకోసారి ఐలమ్మ పొద్దున్నే లేచి చేపల పులుసు పెట్టేది. జైలు లోపలికి పోనివ్వరని తెలిసీ గిన్నెలో సర్దుకునేది. శామీర్‌పేటలో బస్సెక్కి, మధ్యలో ఇంకో బస్సు మారి, చంచల్‌గూడ గేటు ముందు వరుసలో నిలబడేది. జాలీకి అవతల మొగుడు నర్సయ్య, ఇవతల ఆమె. అతని పంటినొప్పి గురించీ, కూతురు భవాని చదువు గురించీ మాట్లాడుకునేవాళ్లు. తిరుగు బస్సులో ఆ పులుసు తనే తినేది. పక్కవాళ్లు ముక్కు మూసుకున్నా పట్టించుకునేది కాదు.

నర్సయ్యది మామూలు కేసు కాదు. తూంకుంట దగ్గర తోట బంగళాలో ఓ ప్లాట్ల వ్యాపారినీ, అతని భార్యనూ ఒకే రాత్రి ఎవరో నరికి చంపారు. అక్కడ కాపలాదారు నర్సయ్య. తొంభై ఆరులో పేపర్లు అతని ఫొటో వేసి రోజుల తరబడి రాస్తే, చెరువు చేపల మీద బతికే వాళ్ల వాడలో చదువు రానివాళ్లు కూడా పేపరు కొన్నారు. రెండేళ్లకు కోర్టు యావజ్జీవం వేసింది. నేను చెయ్యలేదని అతను పోలీసులకూ, జడ్జికీ, పెళ్లానికీ ఒకే మాట చెప్పాడు. పోలీసులు నమ్మలేదు, జడ్జి నమ్మలేదు. ఐలమ్మ నమ్మింది.

తీర్పు రోజు నుంచే ఆమెకు నీళ్లు అంటడం మానేశాయి.

చెరువులో మెడదాకా దిగినా పొడి చీరతో బయటికి వచ్చేది. వానలో నడిచొస్తే జుట్టు మీద చుక్క నిలిచేది కాదు. వాడలో దానికెవరూ హైరానా పడలేదు. కొందరికి ఎండ పడదు, కొందరికి వంకాయ పడదు, ఐలమ్మకు నీళ్లు పడవు, అంతే అనుకున్నారు. ముసురు పట్టినప్పుడు దుకాణం నుంచి అగ్గిపెట్టెలూ అప్పడాలూ ఆమె కొంగులో చుట్టి తెప్పించుకునేవాళ్లు. ఇవ్వు అంటే ఇచ్చేది, తే అంటే తెచ్చేది. కంట్లో కూడా నీళ్లు రాలేదు. ఆమె మనసు మొద్దుబారిపోయింది.

చిక్కంతా వాడ కట్టుబాటుతో వచ్చింది. చెరువు పట్టినప్పుడు చేపల్లో ఇంటికో పాలు, ఒక వాటా. యావజ్జీవం పడ్డవాడికి పాలు లేదు. అతని పెళ్లానికి కావాలంటే, చచ్చినవాడికి చేసినట్టే అతని పేరున చెరువులో తానం చేసి, పుస్తె తీసేయాలి. ఆ తర్వాత పాలు ఆమెది, మొగుడు ఆమెకేమీ కాడు. పస్తులున్న పిల్లను చూసి ఐలమ్మ సరేనంది.

వాడ పెద్ద కుర్మయ్య, నర్సయ్యకు చిన్నాయన వరస, ఆమెను చెరువుకు తీసుకుపోయాడు. మునిగింది, లేచింది, మళ్లీ మునిగింది. జుట్టు పొడిగా గాలికి ఎగురుతూనే ఉంది. కుర్మయ్య చాలాసేపు చూశాడు.

"తడ్వకుంటే గది తానం గాదు బిడ్డా. తడిసిన్నాడు జూద్దాం."

అట్లా ఆమె నర్సయ్య పెళ్లాంగానే మిగిలిపోయింది. కూలికి వలలు లాగింది, బుట్టలు మోసింది. మొద్దుబారిన ఆ మనసులోనే ఓ మూల చిన్న ధైర్యం మాత్రం ఉండేది. నర్సయ్య చెయ్యలేదని నీళ్లకు తెలుసు, అందుకే తనను తడపడం లేదు అనుకునేది.

రెండు వేల రెండులో హైకోర్టు కూడా అదే తీర్పు ఖాయం చేసింది. ఆ తర్వాతి ములాఖత్‌లో నర్సయ్య జాలీ పట్టుకుని దగ్గరికి వంగాడు.

"నీకైతే ఇగ అబద్ధం చెప్ప ఐలమ్మా. నేనే చేసిన."

ఐలమ్మ కొంగు సర్దుకుంది. "ఆమెను గూడనా?"

"ఆమె లేసి నన్ను జూసింది."

పంటికి మందులిస్తున్నారా అని ఐలమ్మ అడిగింది. ఇస్తున్నారన్నాడు. టైమైపోయింది.

హకీంపేట దాటాక వాన మొదలైంది. అద్దం పగిలిన కిటికీ పక్క సీటు ఆమెకే వదిలేయడం ఆ బస్సులో అందరికీ అలవాటు. జల్లు కొట్టింది. మణికట్టు మీద ఒక చుక్క నిలిచింది. తుడిచింది. ఇంకోటి నిలిచింది. తూంకుంటకు వచ్చేసరికి భుజం తడిసింది, శామీర్‌పేటలో దిగేసరికి చీరంతా ఒంటికి అంటుకుంది. ఆమెకు భయమేసింది. బస్టాండు చూరు కింద నిలబడి జుట్టు పిండుకుంది, ఆరితే గాని వాడలోకి పోకూడదనుకుంది. వాన ఆగలేదు. ఇంట్లో భవాని ఒక్కతే ఉంది, చీకటి పడ్డాక తడి చీరతోనే వాడలోకి నడిచింది.

కుర్మయ్య తన అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. పక్కకు జరిగి జాగా ఇచ్చాడు.

"తడిసినవా బిడ్డా?"

లేదని చెప్తే ఆ చీకట్లో ఆయన నమ్మేవాడే.

"తడిసిన మామా," అంది.

ఆడవాళ్లు వచ్చారు. పుస్తె తీశారు, మెట్టెలు తీశారు. జైల్లో నర్సయ్య ఏమన్నాడని ఒక్కరూ అడగలేదు.

వానలు తగ్గాక చెరువు పట్టారు. గట్టు మీద చేపలు కుప్పలు పోశారు. ఒకతను అటు తిరిగి నిలబడ్డాడు. ఇంకొకతను ఒక్కో కుప్పనూ తాకి ఎవరికని అడిగితే, మొదటివాడు చూడకుండానే పేరు చెబుతున్నాడు.

"ఇదెవరికి?"

"ఐలమ్మకు."

పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి చేపలు నాయిన పేరునో మొగుడి పేరునో ఇంటికొచ్చాయి గాని తన పేరున రాలేదు. బుట్ట ఎత్తుకుంది. చేపల నీళ్లు మెడ మీదుగా వీపులోకి కారాయి. చలేసింది. దారి పొడుగునా ఏడుస్తూనే నడిచింది.

భవాని ఎదురొచ్చి బుట్ట దింపుకుంది. ఈసారి బాపు దగ్గరికి తనూ వస్తానంది.

"గేటుకాడ ఆయనకు ఏమైతవని అడుగుతరు బిడ్డా," అంది ఐలమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "నువ్వంటే బిడ్డనంటవు. నేనేం చెప్పాలె?"