ఒకే ఇంటి రెండు పేపర్లు

మనవరాలికి కోరుకున్న సీటు ఏదీ రాలేదు. చివరికి మిగిలింది డిగ్రీలో తత్వశాస్త్రం.

"అది చదివితే ఏమొస్తుందే?" అని వాళ్లమ్మ కుట్టు మిషన్ ఆపి మరీ అడిగింది.

"ఏమొస్తుందో చూద్దాం, నేనూ చేరతాను" అంది అమ్మమ్మ. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్లు ఎవరెవరికో లైన్లు కలుపుతూ, తను మాట్లాడే వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తూ గడిపింది. కాలేజీలో వయసు నిబంధన లేదు. చేరిపోయింది.

క్లాసులో ఆవిడది మొదటి బెంచీ, మనవరాలిది చివరి బెంచీ. మాస్టారిది చిన్న వయసే. "మనం చూడనప్పుడు ఈ బల్ల ఉంటుందా?" అని ఆయన అడిగితే, "లేకపోతే మీ ఫ్లాస్కు ఎప్పుడో కిందపడేది కదా బాబూ" అనేసింది. పిల్లలు పడీపడీ నవ్వారు. మనవరాలు సిగ్గుతో చచ్చిపోయింది. ఇంటికెళ్లాక మాత్రం ఇద్దరూ కంచాల ముందు కూర్చుని, చెయ్యి ఎండిపోయేదాకా ఆ బల్ల గురించే వాదించుకున్నారు.

మొదటి పరీక్షలో ప్రశ్న ఒకటే: అబద్ధమాడటం ఎప్పుడైనా సరైనదేనా? రెండు పేపర్లలోనూ జవాబు ఒకటే: ప్రాణం మీదికొచ్చినా ఆడకూడదు. ఉదాహరణా ఒకటే: ఒక టైలరమ్మ గుడ్డకి కత్తెరైనా పెట్టకుండా, "అయిపోయిందండీ, గుండీలు కుట్టడమే తరువాయి" అంటుంది. ఆ ఒక్క మాటతో జనం చెప్పులరిగేలా తిరుగుతారు.

మాస్టారు ఎర్ర పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఆయన కోటు మూడు వారాలుగా గుండీల దగ్గరే ఆగి ఉంది.

మర్నాడు ఇద్దరినీ తన గదికి పిలిచారు.

"ఎవరు ఎవర్ని చూసి రాశారు?"

ఈ వయసులో అమ్మమ్మని కాలేజీ నుంచి పంపేస్తే? మనవరాలు ముందుకొచ్చింది. "నేనే సార్. అమ్మమ్మ పేపర్ చూసి రాశాను."

"ఒట్టి మాట బాబూ. నేనే దానిది చూశాను" అంది అమ్మమ్మ.

"మీ మధ్య తొమ్మిది బెంచీలున్నాయి. చేతిలో పుస్తకమే కంటికి ఆనడం లేదని మొన్న మీరే అన్నారు."

అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుంది. "మెడ తిప్పాను."

మాస్టారు పేపర్లు రెండూ వాళ్ల ముందుకు తోశారు. "ప్రాణం మీదికొచ్చినా ఆడకూడదని ఇద్దరూ రాశారు. మార్కుల మీదికి రాగానే ఇద్దరూ ఆడేశారు."

ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. ముందు మనవరాలికే నవ్వొచ్చింది. "ఎవరూ చూసి రాయలేదు సార్. పరీక్ష ముందు రోజు ఇంట్లో దీని మీదే మాట్లాడుకున్నాం. ఆ టైలరు మా అమ్మే."

"నా కూతురు" అంది అమ్మమ్మ, నేరం ఒప్పుకుంటున్నట్టు.

మాస్టారు కోటు సంగతి ఎత్తలేదు. "మళ్లీ రాయండి. వేరువేరు గదుల్లో. ఈసారి నిజంగా ఏం అనుకుంటున్నారో అది రాయండి."

రాశారు. ఒకరిని కాపాడే అబద్ధం తప్పు కాదనీ, తనకేం పశ్చాత్తాపం లేదనీ మనవరాలు రాసింది. అబద్ధం తప్పేననీ, తాను చేసింది తప్పేననీ, రేపు మళ్లీ అవసరమొస్తే మళ్లీ చేస్తాననీ అమ్మమ్మ రాసింది. మనవరాలికి పద్నాలుగు, ఆవిడకి పదమూడు వచ్చాయి.

ఆవిడ చెంగు బిగించి మాస్టారి దగ్గరికెళ్లింది. "నాకు ఒకటెందుకు తగ్గింది?"

"తప్పంటారు, మళ్లీ చేస్తానంటారు. రెండూ ఒకచోట ఎలా నిలబడతాయో రాయలేదమ్మా."

ఆవిడ గొడవ పెట్టుకోకుండానే వచ్చేసింది. మనవరాలితో ఇంటి మెట్లెక్కుతూ, "తప్పే అయినా చెయ్యక తప్పని పనులు కొన్ని ఉంటాయేమోనే" అంది.

"చెయ్యాల్సిందే అయితే అది తప్పెలా అవుతుంది అమ్మమ్మా?"

"అలా అను" అంటూ అమ్మమ్మ మెట్టు మీదే కూలబడింది. పిల్ల పక్కన కూర్చుంది. పైవాటా ఆయన దిగడానికి దారి అడిగితే, ఇద్దరూ ఆయన్నీ కూర్చోమన్నారు.