మసీనా పళ్లెం

మా బావ పేరు పెరెలీనీ. మా దీవిలో ఊరి తరఫున సభల్లో మాట్లాడే వక్త. అతిథులొస్తే ఏ పెద్దను ఏ బిరుదుతో పిలిచి కావా వేరు పానీయం నింపిన కొబ్బరిచిప్ప అందించాలో ఆయనే చెప్పాలి. ఒక్క బిరుదు తప్పినా ఊరి పరువు పోయినట్టే. ఆయన జ్ఞాపకశక్తికి అందరూ దణ్ణం పెడతారు. నిజానికి ఆ జ్ఞాపకం మా అక్క మసీనాది. ముందురోజు సాయంత్రం ఆమె చాప అల్లుతూ చెబుతుంటే ఈయన బుద్ధిగా వల్లె వేస్తాడు.

అలాంటి అక్క వానలప్పుడు బిరుదులన్నీ కలగాపులగం చేసింది. కాళ్లు తిమ్మిర్లంది. ఒకరోజు నన్నే చూసి, "ఎవరమ్మాయివే నువ్వు?" అని అడిగింది. పోయిన పెద్దలకు కోపం వచ్చిందని చుట్టాలు గొణిగారు. వాళ్లను నోరుమూసుకోమని చెప్పి, అక్కాబావలను అపియా పట్నంలో ఆసుపత్రికి లాక్కుపోయాను.

"రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం బాగా పెరిగింది," అన్నాడు డాక్టరు. "అది మెదడుకి దెబ్బ. అక్కడి రక్తనాళాల గోడల్నీ పాడుచేస్తుంది. దాన్ని అణిచేది చేపా మాంసాల్లో దొరికే బి12 విటమిన్. ఈమె అవి తింటోందా?"

"మా ఇంట్లో చేపకి కరువేంటండీ!" అన్నాడు బావ.

నాకు ఒళ్లు మండింది. "వండేది అక్క, తినేది మీరు! మీరూ అతిథులూ తిన్నాక మిగిలింది పిల్లలకి పెట్టి, తను చామదుంప కొబ్బరిపాలల్లో ముంచుకుని లేస్తుంది. ఎన్నేళ్లుగా ఇలా జరుగుతోందో ఎప్పుడైనా చూశారా బావా?"

బావ అక్క పక్కకెళ్లి కూర్చుని ఆమె కాళ్లు ఒత్తసాగాడు.

సూదిమందు మొదలైంది. నెలలు గడిచేకొద్దీ అక్క తేరుకుంది. కొన్ని పేర్లు మాత్రం తిరిగి రాలేదు.

మళ్లీ అతిథులొచ్చారు. ముందురోజు అక్క చెప్పిన బిరుదులన్నీ బావ తప్పులేకుండా పిలిచాడు. భోజనాల వేళ మొదటి పళ్లెం తన ముందుకు రాగానే, "మసీనా, ఇలా వచ్చి కూర్చో," అన్నాడు. సభంతా గుడ్లప్పగించింది. ఆయన ముళ్లు తీసి చేపముక్క ఆమె ముందు పెట్టాడు.

"పెద్దలు చూస్తున్నారండీ!"

"చూడనీ. నువ్వు తినకపోతే వీళ్ల బిరుదులు నాకెవరు చెప్తారు?"

గుట్టు రట్టయింది. అతిథుల్లో ముసలాయన పగలబడి నవ్వి, "అయితే పెద్ద ముక్కే పెట్టవయ్యా!" అన్నాడు.

అక్క సిగ్గుపడుతూనే తింది. పళ్లెంలోని చేప తల మాత్రం విరిచి నా చేతిలో పెట్టింది.

"చిన్నప్పుడు దీనికోసమే కదే నా చెయ్యి కొరికావు, లూపే. గుర్తుందా?"

నాకు గుర్తులేదు. అక్కకు గుర్తుంది. అంతకన్నా నాకేం కావాలి!